హైలాండ్స్‌లో పరాయి మనిషి: 'అవుట్‌లాండర్' పుట్టుపూర్వోత్తరాలు

'అవుట్‌లాండర్' కథ పుట్టింది స్కాట్లాండ్ కొండల్లో కాదు, అమెరికాలోని అరిజోనాలో. 1988లో డయానా గాబల్డన్ అక్కడి విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారు. జంతుశాస్త్రం, సముద్ర జీవశాస్త్రం చదివి, జీవావరణ శాస్త్రంలో డాక్టరేట్ చేసిన మనిషి. ఇంట్లో ముగ్గురు చిన్నపిల్లలు. నవల రాయడం నేర్చుకోవాలంటే ఒకటి రాసి చూడటమే మార్గమనీ, దాన్ని ఎవరికీ చూపించనక్కర్లేదనీ అనుకున్నారు. చారిత్రక నవలైతే తనకు కుదురుతుందనిపించింది. పుస్తకాలు వెదికి విషయం సేకరించడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఏ కాలం, ఏ దేశం అన్నదే తేలలేదు.

అది తేల్చింది టీవీ. అప్పట్లో అమెరికాలో పీబీఎస్ చానల్ బ్రిటిష్ సీరియల్ 'డాక్టర్ హూ' పాత భాగాలు వేస్తుండేది. 1969 నాటి 'ద వార్ గేమ్స్' కథలో కిల్ట్ (గళ్ల పావడా) కట్టిన ఒక కుర్రాడు ఆమె కంటబడ్డాడు. పేరు జేమీ మెక్‌క్రిమన్. ఫ్రేజర్ హైన్స్ అనే నటుడు ఆ పాత్ర వేశాడు. ఈ జేమీని బీబీసీ 1966 డిసెంబరులో 'ద హైలాండర్స్' అనే నాలుగు భాగాల కథతో పరిచయం చేసింది. 1746లో స్కాట్లాండ్‌లో జరిగిన కలోడెన్ యుద్ధం ముగిసిన వెంటనే మొదలయ్యే కథ అది. ఆ నాలుగు భాగాల్లో ఒక్కటీ ఇప్పుడు బీబీసీ భాండాగారంలో లేదు. అతను పుట్టిన కథ చెరిగిపోయినా అతని పేరూ, కాలమూ, దేశమూ గాబల్డన్ నవలకు దక్కాయి.

ఇంటిపేరు మాత్రం ఆ నటుణ్ణి చూసి పెట్టింది కాదు. ఎరిక్ లింక్‌లేటర్ రాసిన 'ద ప్రిన్స్ ఇన్ ద హెదర్' పుస్తకంలో ఒక ఉదంతం ఉంది. కలోడెన్‌లో ఓడిన జాకొబైట్ (గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం పక్షపు) అధికారులు కొందరు గాయాలతో ఒక ఇంట్లో తలదాచుకున్నారు. రెండు రోజుల పాటు వాళ్లకు వైద్యం లేదు. తర్వాత బయటికి ఈడ్చి కాల్చేశారు. బతికి బయటపడింది లోవట్ దళానికి చెందిన ఒకే ఒక్క ఫ్రేజర్. తన జేమీ కలోడెన్‌ను దాటి బతకాలంటే ఇంటిపేరు ఫ్రేజరే కావాలని గాబల్డన్ నిశ్చయించారు.

ఇక కథానాయిక క్లెయిర్. గదినిండా కిల్టులు కట్టిన మగవాళ్లు పోగయ్యారు గనక, వాళ్లకు ఎదురు నిలవడానికి ఒక ఆడమనిషి కావాలి, ఇంగ్లిష్ మనిషైతే రాపిడి తనంతట తనే పుడుతుందని రచయిత్రి అనుకున్నారు. తీరా ఆ మనిషి కథలోకి వచ్చి నోరు విప్పేసరికి 18వ శతాబ్దపు స్త్రీలా మాట్లాడలేదు. ఎంత దిద్దినా ఈ కాలపు మనిషిలాగే ఎదురు మాటలాడింది, కథ కూడా తనే చెప్పడం మొదలుపెట్టింది. చివరికి గాబల్డన్ దిద్దడం మానేసి, ఈ కాలపు మనిషి ఆ కాలానికి ఎలా వచ్చిందో తర్వాత ఆలోచిద్దామనుకున్నారు. రాతి స్తంభాల వలయం, 1945 నుంచి 1743కు జారిపోవడం, అన్నీ ఆ చిక్కును విప్పడానికి వచ్చినవే. ఈ కథను కాలప్రయాణపు అద్భుతంగా పరిచయం చేసేవాళ్లు మూలాన్ని వదిలేస్తున్నారని నాకనిపిస్తుంది. ముందు పుట్టింది తలవంచని ఒక గొంతు. అద్భుతం దాని వెనక వచ్చింది.

నవల 1991లో వెలువడింది. బ్రిటన్‌లో దాని పేరు 'క్రాస్ స్టిచ్'. అది రాసేనాటికి రచయిత్రి స్కాట్లాండ్ నేల తొక్కలేదు. పొగమంచూ, హెదర్ పొదలూ, కోటల్లో వంటిళ్లూ అన్నీ గ్రంథాలయం నుంచి తెచ్చుకున్నవే.

అయితే పరాయి మనిషి కళ్లతో హైలాండ్స్‌ను చూపించే కథకు వయసు అంతకన్నా చాలా ఎక్కువ. 1814 జులైలో వాల్టర్ స్కాట్ తన పేరు వేసుకోకుండా 'వేవర్లీ' నవల అచ్చువేయించాడు. ఎడ్వర్డ్ వేవర్లీ అనే ఇంగ్లిష్ సైనికాధికారి సెలవు మీద ఉత్తరాదికి వెళ్లి, క్లాన్‌ల (హైలాండ్ వంశాల) మధ్య చిక్కుకుని, 1745 తిరుగుబాటులో స్టూవర్ట్ వారసుడు ప్రిన్స్ చార్లెస్ పక్షాన చేరతాడు. 'అవుట్‌లాండర్' టీవీ సీరియల్ తొలి భాగం అమెరికాలో స్టార్జ్ చానల్లో ప్రసారమైంది 2014 ఆగస్టు 9న, రెండు వందల ఏళ్ల తర్వాత. ఇంకో సంగతి. వేవర్లీని జాకొబైట్లు తీసుకువెళ్లి ఉంచేది డూన్ కోటలో. సీరియల్లో క్లెయిర్‌ను తీసుకువెళ్లి ఉంచే లియోక్ కోట కూడా, తెర మీద, అదే డూన్ కోట. 1746లో జాకొబైట్లు నిజంగానే అక్కడ ప్రభుత్వ పక్షం ఖైదీలను బంధించారు. ఈ రెంటి మధ్య స్టీవెన్సన్ 1886లో 'కిడ్నాప్డ్' రాశాడు. అందులో బయటివాడు మైదానపు స్కాట్ కుర్రాడు డేవిడ్ బాల్ఫర్.

బయటివాడే ఎందుకు కావలసివచ్చాడు? లోపలి ప్రపంచాన్ని పనిగట్టుకుని నాశనం చేశారు గనక. క్లాన్ నాయకుడికి తన నేల మీద న్యాయాధికారం ఉండేది, వారసత్వంగా వచ్చేది. రైతులు శిస్తును ధాన్యంగా, పశువులుగా చెల్లించేవారు. పిలుపు వస్తే కత్తి పట్టుకుని వెళ్లేవారు. 1745 జులైలో ప్రిన్స్ చార్లెస్ ఎరిస్కే దీవిలో దిగాడు. ఆగస్టు 19న గ్లెన్‌ఫినన్‌లో జెండా ఎత్తాడు. డిసెంబరుకల్లా లండన్ దారిలో డర్బీ దాకా వెళ్లి వెనుదిరిగాడు. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ బయలులో పోరు గంట కూడా సాగలేదు. తర్వాత చట్టాలు వచ్చాయి. ఆయుధాలు లాక్కున్నారు. నాయకుల న్యాయాధికారాలు రద్దు చేశారు. 1747 ఆగస్టు నుంచి మగవాళ్లు హైలాండ్ దుస్తులు కడితే మొదటిసారి ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ల ద్వీపాంతరం. బ్రిటిష్ సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం మినహాయింపు. నిషేధం తొలగింది 1782లో. మరో నలభై ఏళ్లకు, 1822లో, నాలుగో జార్జి రాజు కిల్ట్ కట్టుకుని ఎడిన్‌బరోలో కొలువుదీరాడు. ఆ వేడుకకు సూత్రధారి వాల్టర్ స్కాట్. ఒక్కో ఇంటిపేరుకూ ఒక్కో టార్టన్ గళ్ల గుడ్డ అనే పద్ధతి స్థిరపడింది ఆ కాలంలోనే.

సీరియల్ వాళ్లు ఈ టార్టన్ వేడుకల పొరను ఒలిచారు. నిర్మాత రొనాల్డ్ డి. మూర్ భార్య టెర్రీ డ్రెస్‌బాక్, సహనిర్మాత మారిల్ డేవిస్ ఇద్దరూ ఈ నవలలకు పాత అభిమానులు. వాళ్లే మూర్ చేత చదివించారు. దుస్తుల బాధ్యత డ్రెస్‌బాకే తీసుకున్నారు. ఎరుపు, పచ్చ మెరిసే అంగడి టార్టన్‌ను పక్కనపెట్టి ఆ నేలలో దొరికే మొక్కల రంగుల్లా మసకగా ఉండే గోధుమ, నీలి, బూడిద గళ్లు నేయించారు. క్లెయిర్‌గా ఐర్లాండ్ నటి కత్రీనా బాల్ఫ్, జేమీగా స్కాట్లాండ్ నటుడు సామ్ హ్యూవన్ వచ్చారు. గేలిక్ భాషకు నిపుణుణ్ణి పెట్టారు. అన్నిటికన్నా మంచి నిర్ణయం, క్లాన్ మనుషులు గేలిక్‌లో మాట్లాడుకునే చోట్ల చాలా వరకు సబ్‌టైటిల్స్ వేయకపోవడం. క్లెయిర్‌కు అర్థం కాలేదు గనక మనకూ అర్థం కాదు. శిస్తు వసూలుకు ఊరూరా తిరిగే భాగంలో ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని, వేడి మూత్రంలో తడిపిన ఉన్నిగుడ్డను పాట లయలో బాదుతుంటారు. నిజంగా అలాగే చేసేవారు. గుడ్డ చిక్కబడటానికీ, రంగు నిలవడానికీ అది అవసరం. క్లెయిర్ వాళ్ల పక్కన కూర్చుని తనూ బాదుతుంది. స్కాట్ నవలలోని అధికారికి అలాంటి చోటు దొరికే వీల్లేదు. ఆడవాళ్ల పనిలోకి, పురుళ్లలోకి, మందుల గదిలోకి ఈ కథ వెళ్లగలిగిందంటే బయటి మనిషి నర్సు కావడం వల్లనే. ఈ సీరియల్ సాధించినదాంట్లో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది దీనికే.

లోటు కూడా ఉంది. చూసేవాళ్లకు అది స్కాట్లాండ్‌కూ ఇంగ్లండ్‌కూ మధ్య పోరుగా మిగిలిపోతుంది. కలోడెన్‌లో ప్రభుత్వ సేనాపతి కంబర్లండ్ డ్యూక్ వైపు స్కాట్లు చాలామందే ఉన్నారు, క్యాంప్‌బెల్ క్లాన్ మనుషులతో సహా. సీరియల్లోని మెకంజీ క్లాన్‌ పేరే చూడండి. అసలు మెకంజీలలో సీఫోర్త్ శాఖ పెద్ద ప్రభుత్వం పక్షాన నిలిచాడు. క్రోమార్టీ ఎర్ల్ మాత్రం కొడుకు లార్డ్ మెక్లౌడ్‌తో కలిసి ప్రిన్స్ పక్షం వెళ్లి, కలోడెన్‌కు ముందురోజు పట్టుబడ్డాడు.

ఆ కొడుకు కథ మన వైపు దాకా వచ్చింది. క్షమాభిక్ష పొంది, స్వీడన్ సైన్యంలో పనిచేసి తిరిగొచ్చిన లార్డ్ మెక్లౌడ్ 1777లో 73వ హైలాండ్ దళాన్ని లేవదీశాడు. 1780లో ఆ దళం మద్రాసులో దిగింది. ఆ సెప్టెంబరులో గుంటూరు సీమ నుంచి బయల్దేరిన కర్నల్ బెయిలీ సేనకు సాయంగా ఆ దళంలో కొందరిని పంపారు. పొల్లిలూరు దగ్గర హైదరాలీ, టిప్పు ఆ సేనను తుడిచిపెట్టారు. ఒకప్పుడు బ్రిటిష్ రాజు మీద కత్తి దూసిన వంశం మనుషులు ఆ రాజవంశం సైన్యంలోనే కాంచీపురం పొలాల్లో పడిపోయారు.

ఇంకో మెకంజీ 1783లో మద్రాసు వచ్చాడు. సీఫోర్త్ మెకంజీల లూయిస్ దీవిలోని స్టోర్నవేలో, కలోడెన్ జరిగిన ఎనిమిదేళ్లకు పుట్టిన కోలిన్ మెకంజీ. మనకు కైఫీయతుల (ఊళ్ల వృత్తాంతాల) మెకంజీ. తెలుగు రాని ఆయనకు ఏలూరు వాడైన కావలి వెంకట బొర్రయ్య దారి చూపాడు. కరణాల దగ్గరికి వెళ్లి ఊరి పుట్టుక, గుడి మాన్యాలు, శాసనాలు, పాలెగాళ్ల సంగతులు రాయించి తెచ్చాడు. 1803లో బొర్రయ్య చిన్న వయసులోనే చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య ఆ పని అందుకున్నాడు. క్లెయిర్ తను చూసినదంతా తన గొంతుతోనే చెబుతుంది. మెకంజీ సేకరణలో అలా కాదు. ఊరివాళ్లు చెప్పింది ఊరివాళ్ల తెలుగులోనే కాగితం మీదికి ఎక్కింది. కడప జిల్లా కైఫీయతులు ఇప్పుడు సంపుటాలుగా అచ్చులో దొరుకుతున్నాయి.