డోర్నకల్ అయ్యగారి ముచ్చట

కట్టెలు జర ఎగేయిరా మనవడా, చెప్త. మానుకోట దాటినంక డోర్నకల్‌ల గుమ్మటాల కట్టడం చూసినవు గద? బయటి నుంచి చూసినోడు మసీదంటడు, లోపలి స్తంభాలు చూసినోడు గుడంటడు. అది చర్చి.

కట్టించిన అయ్యగారు మన దిక్కు మనిషి కాదు, తిరునెల్వేలి అరవాయన. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1903ల ఆడి క్రైస్తవులే చందాలేసుకొని, తెల్లదొరల పైస ముట్టకుండ ఒక మిషన్ పెట్టి, మన నిజాం రాజ్యానికి మనుషులను పంపిండ్రు. పంపుడుతోటి కాదని 1909ల అయ్యగారే దిగిండు. డోర్నకల్‌ల అప్పుడేముండె? రైలు టేషను, సింగరేణి బొగ్గు పట్టాలు. సంఘమంటే పిడికెడు మంది. ముప్పై దాటినంక తెలుగు నేర్సుకొని, ఎడ్లబండి మీద ఊరూరు తిరిగిండు.

1912 డిసెంబర్ 29న కలకత్తాల బిషప్‌ను చేసిండ్రు. ఆంగ్లికన్ చర్చిల మన దేశపోనికి ఆ పదవి అదే మొదలు. దొరలు గొణిగిండ్రంటరు. మనోళ్లు గూడ గొణిగిండ్రు, అది మాత్రం ఎవ్వరు చెప్పరు.

నన్నడిగితే ఆయన చేసిన పెద్ద పని కట్టడం కాదు. మాలోళ్లు, మాదిగోళ్లు ఒక్క బాయి నీళ్లు తాగని రోజులవి. ప్రభువు బల్ల కాడ అందరికి ఒక్కటే గిన్నె అన్నడు. ఒక్కసారే ఎవరికి మింగుడుపడుతది? అయినా పట్టు ఇడువలె. ఇంకోటి, సంఘం తన ఖర్చు తనే ఎల్లదీసుకోవాలె. కూలోని దగ్గర పైసలేడియి? పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు పిడికెడు బియ్యం పక్కకు తియ్యి, పంటొస్తే గింజలు తే. కోతల పండుగకు సొరకాయలు, కోళ్లు హర్రాజు పాడుడు ఇప్పటికి ఉన్నదే గద. సొరకాయ ధర చూస్తే నవ్వొస్తది గని, ఊరి సంఘం అయ్యగారి జీతం అట్లనే ఎల్లేది. బాప్తిస్మం ఇచ్చినంక ఆ మనిషి చెయ్యి ఆని నెత్తి మీదనే పెట్టించి, సువార్త చెప్త అని ఒట్టేయించేటోడు.

చర్చిని 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిండ్రు. 1945 జనవరి 1న ఆయన పోయిండు; అప్పటికి ఆయన డయోసిస్‌ల రెండు లక్షల మంది పైనే. మిషన్లన్ని ఒక్కటి కావాలని 1919 నుంచి తిరిగిండు, కలిసి సీఎస్‌ఐ, అంటే దక్షిణ ఇండియా సంఘం, అయింది మాత్రం 1947 సెప్టెంబర్‌ల. మన జనగామ దిక్కు బాప్టిస్టులు అందుల కలువలె. నీళ్లల్ల ముంచుడు కాడ పంచాయతి వచ్చింది. అది పెద్ద కథ, రేపు చెప్త.