జీతం లేని వెయ్యి మంది: డెబియన్ ప్రాజెక్టు తన వాలంటీర్లను నిలుపుకునే తీరు

మన సంఘాల్లో ఈ కథ అందరికీ తెలిసిందే. హోసూరు కానివ్వండి, బరంపురం కానివ్వండి, షోలాపూర్ కానివ్వండి, ఉగాది వేడుక మొదలు ఆదివారం తెలుగు తరగతి దాకా అంతా ఒకరిద్దరి భుజాల మీదే నడుస్తుంది. వారికి బదిలీ అయినా, ఒంట్లో బాగోకపోయినా, కమిటీలో మాటపట్టింపు వచ్చినా పని ఆగిపోతుంది. హాలు తాళంచెవి ఎవరింట్లో ఉందో, బ్యాంకు పాస్‌బుక్కు ఎవరి దగ్గరుందో వెతుక్కోవడంతోనే ఆర్నెల్లు గడుస్తాయి. మాకు తెలిసిన ఒక తెలుగు తరగతి పన్నెండేళ్లు చక్కగా నడిచి, చెప్పే మాస్టారు కొడుకు దగ్గరికి వెళ్లిపోయిన నెలలోనే మూతపడింది. పిల్లలున్నారు, గది ఉంది, వాచకాలూ ఉన్నాయి. ఆయన తర్వాత ఎవరు అన్న ప్రశ్న మాత్రం ఆ పన్నెండేళ్లలో మాలో ఎవరమూ వేసుకోలేదు.

ఇదే చిక్కును ముప్పై ఏళ్లకు పైగా ఎదుర్కొంటూ, తప్పులు చేస్తూ, దిద్దుకుంటూ వచ్చిన ఒక పెద్ద సమూహం ఉంది. పేరు డెబియన్. మన పిల్లల్లో సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవారికి ఈ పేరు బాగా తెలుసు. మిగిలిన ఇంటివాళ్లకు కూడా ఉపయోగపడుతుందని, అది మనుషులను ఎలా నిలుపుకుంటోందో ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

డెబియన్ అంటే ఏమిటి

కంప్యూటర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్ లైనక్స్. దానికి వేల కొద్దీ ఇతర ప్రోగ్రాములు జోడించి, ఒకదానితో ఒకటి గొడవపడకుండా సర్ది, ఉచితంగా అందించే ప్రాజెక్టు డెబియన్. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టు 16న దీన్ని ప్రకటించారు. తన స్నేహితురాలు డెబ్రా పేరు, తన పేరు కలిపి ఆ పేరు పెట్టారు. 2023 జూన్‌లో వచ్చిన 12వ విడుదలలో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. మనం నిత్యం వాడే ఎన్నో వెబ్‌సైట్ల సర్వర్లు డెబియన్ మీద గానీ, దాని నుంచి పుట్టిన ఉబుంటు మీద గానీ నడుస్తున్నాయి.

ఇదంతా చూసుకునేది సుమారు వెయ్యి మంది అధికారిక సభ్యులు, వారి చుట్టూ ఉన్న మరెందరో సహాయకులు. డెబియన్ వారికి జీతం ఇవ్వదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత కొన్నాళ్లు ‘వాలంటీరు’ అంటే నెలకు గౌరవ వేతనం తీసుకునే గ్రామ వాలంటీరే గుర్తొచ్చేవారు. ఇక్కడ ఆ మాటకు అసలు అర్థమే తీసుకోవాలి. కొందరి యజమానులు ఆఫీసు వేళల్లో ఈ పని చేసుకోనిస్తారు గానీ, ఎక్కువ మంది రాత్రిళ్లు, సెలవు రోజుల్లో కూర్చుని చేసేవారే.

చేయమని ఎవరూ అడగలేరు

డెబియన్‌కు 1998 నుంచి రాతపూర్వక నిబంధనావళి ఉంది. వాళ్లు దాన్ని రాజ్యాంగం అనే పిలుస్తారు. అందులో మొదట్లోనే ఒక మాట స్పష్టంగా ఉంటుంది: ప్రాజెక్టు కోసం పని చేయాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు, అప్పగించిన పని ఇష్టం లేకపోతే మానేయవచ్చు, అయితే నియమాల ప్రకారం తీసుకున్న నిర్ణయాలకు అడ్డుపడకూడదు. నాయకుడిని ఏటా ఓటు వేసి ఎన్నుకుంటారు. ఆ నాయకుడు కూడా ఎవరినీ ఆజ్ఞాపించలేడు, అడగగలడు అంతే.

ఇది చదవగానే ‘ఇలాగైతే పని ఎలా జరుగుతుంది’ అని మాకూ అనిపించింది. నిజానికి చాలాసార్లు ఆలస్యంగానే జరిగింది. 2002 జూలైలో ఒక విడుదల వచ్చాక తర్వాతిది రావడానికి 2005 జూన్ దాకా, అంటే దాదాపు మూడేళ్లు పట్టింది. ఇప్పుడు సుమారు రెండేళ్లకొకటి వస్తోంది. ఈ మార్పు మనుషులను గదమాయించడం వల్ల రాలేదు. ఏ పని ఎవరి చేతిలో ఉందో, ఎవరు వదిలేశారో అందరికీ కనిపించేలా పెట్టడం ఇందులో పెద్ద పాత్ర వహించిందని మా అభిప్రాయం. సంఘాలవారు దృష్టి పెట్టాల్సింది ఇక్కడే, అందుకే ఈ భాగం కాస్త పొడిగిస్తున్నాం.

తప్పుకోవడానికి మర్యాదైన దారి

డెబియన్‌లో ప్రతి ప్యాకేజీకి మీద పేరు రాసిన ఒక మెయింటెయినర్ గానీ, జట్టు గానీ ఉంటుంది. ఆ మనిషికి ఇక వీలుపడకపోతే ఒక బహిరంగ జాబితాలో ఆ మాట నమోదు చేస్తారు. ఆ జాబితాలో పరిస్థితికి తగ్గ మెట్లున్నాయి. ‘నేనే చూసుకుంటాను, కానీ తోడు కావాలి’ అన్నది ఒకటి. ‘ఎవరైనా తీసుకుంటే ఇచ్చేస్తాను, అందాకా నేనే చూస్తాను’ అన్నది ఇంకొకటి. ‘వదిలేశాను, ఇది అనాథ’ అన్నది చివరిది. తీసుకోదలచినవారు ‘దత్తత తీసుకుంటున్నాను’ అని అదే చోట రాస్తారు. అనాథ, దత్తత అన్నవి మేం కల్పించిన మాటలు కావు, వాళ్ల వాడుకలో ఉన్నవే.

దీనివల్ల తప్పుకోవడం సిగ్గుపడే విషయం కాకుండా పోయింది. ఊరెళ్తున్నా, పరీక్షలున్నా, ఇంట్లో పురుడున్నా ‘ఇన్నాళ్లు అందుబాటులో ఉండను’ అని సభ్యులు తమలో తాము ముందుగా చెప్పుకునే అలవాటూ ఉంది. పూర్తిగా విరమించుకున్నవారిని విశ్రాంత సభ్యులుగా గౌరవంగా గుర్తిస్తారు. కొన్నేళ్లకు తిరిగి రావాలనుకుంటే కొత్తవారిలాగా మొత్తం పరీక్ష మళ్లీ పెట్టరు.

చెప్పకుండా మాయమైనవారి సంగతి వేరు. వారి కోసం ఒక చిన్న జట్టు ఉంది. ముందు కుశలం అడుగుతూ ఉత్తరం రాస్తారు, జవాబు లేకపోతే మళ్లీ రాస్తారు, అప్పటికీ పలకకపోతే వారి ప్యాకేజీలను అనాథలుగా ప్రకటిస్తారు. 2018 నుంచి ఇంకో పద్ధతి వచ్చింది. ఎవరూ పట్టించుకోని ప్యాకేజీని చేపట్టాలనుకునేవారు ఆ మాట బహిరంగంగా ప్రకటించి 21 రోజులు ఆగాలి. పాత మెయింటెయినర్ అభ్యంతరం చెప్పకపోతే ముందుకు వెళ్లవచ్చు. అత్యవసరమైన తప్పును వేరొకరు దిద్ది పంపే ఏర్పాటు అంతకు చాలా ముందే ఉంది.

మన సంఘాల్లో ‘ఆయన ఏమనుకుంటారో’ అనే మొహమాటంతోనే సగం పనులు ఆగుతాయి. అందుకే ఆ 21 రోజుల గడువు మాకు బాగా నచ్చింది. పాతవారికి మాట్లాడే అవకాశం ఉంటుంది, కొత్తవారికి ఎన్నాళ్లు ఆగాలో తెలుస్తుంది.

గుమ్మం దగ్గరే వెనక్కి పోయేవారు

డెబియన్ చేసిన పెద్ద పొరపాటు కొత్తవారి విషయంలోనే. దరఖాస్తులు వెల్లువెత్తుతున్నాయని 1999 చివర్లో కొత్త సభ్యులను తీసుకోవడమే ఆపేసింది. 2000లో మళ్లీ తెరిచినప్పుడు గుర్తింపు తనిఖీ, తత్వం మీద ప్రశ్నలు, సాంకేతిక పరీక్షలతో పెద్ద ప్రక్రియ పెట్టింది. కొందరు ఏళ్ల తరబడి వరుసలో నిలబడ్డారు. చివరికి 2007లో సభ్యులు ఓటు వేసి మధ్యలో ఒక మెట్టు కట్టారు: పూర్తి సభ్యత్వం లేకపోయినా, తాను చూసుకునే ప్యాకేజీల వరకు సొంతంగా పంపే హక్కు. 2010లో ఇంకో ఓటుతో, ప్రోగ్రాములు రాయని అనువాదకులు, చిత్రకారులు, కార్యక్రమ నిర్వాహకులు కూడా పూర్తి సభ్యులు కావచ్చని తీర్మానించారు. మహిళల సంఖ్య మరీ తక్కువగా ఉందని గుర్తించి 2004లో డెబియన్ విమెన్ అనే ప్రయత్నం మొదలైంది. చర్చల్లో దురుసుతనం వల్ల మనుషులు దూరమవుతున్నారన్న గ్రహింపుతో 2014లో ప్రవర్తనా నియమావళిని ఓటు ద్వారా ఆమోదించారు.

వికీపీడియాలోనూ ఇదే జరిగింది. ఇంగ్లీషు వికీపీడియాలో నెలకు కనీసం 5 మార్పులు చేసేవారి సంఖ్య 2007లో 50 వేలు దాటి, ఆ తర్వాత ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చింది. దీన్ని పరిశీలించిన ఆరన్ హాఫేకర్ బృందం 2013లో ఒక కారణం చూపింది. చెడగొట్టేవారిని ఆపడానికి పెట్టిన యాంత్రిక పరికరాలు, గట్టిపడిపోయిన నియమాలు కలిసి మంచి ఉద్దేశంతో వచ్చిన కొత్తవారి రాతలనూ చెరిపేస్తున్నాయి, వారు మళ్లీ రావడం లేదు. 2012లో కొత్తవారు నిస్సంకోచంగా ప్రశ్నలడిగేందుకు టీహౌస్ అనే చోటు తెరిచారు. అక్కడికి పిలుపు అందుకున్నవారు ఎక్కువగా నిలిచారని తర్వాతి పరిశీలనలో తేలింది.

డబ్బు తెచ్చిన తంటా

డబ్బిస్తే నిలుస్తారు కదా అన్నది సహజమైన ఆలోచన. 2006లో డెబియన్ పెద్దలు కొందరు ‘డంక్ ట్యాంక్’ పేరుతో విడిగా నిధులు సేకరించి, విడుదల పని చూసే ఇద్దరికి పూర్తికాలం పని చేసేందుకు డబ్బిచ్చారు. డిసెంబరులో రావాల్సిన విడుదలను సమయానికి తేవాలన్నది ఉద్దేశం. ‘మాకు లేని డబ్బు వారికెందుకు’ అని కొందరు తమ పని తగ్గించేశారు. నాయకుడిని తొలగించాలనే తీర్మానం దాకా వెళ్లింది, అది వీగిపోయింది. విడుదల 2007 ఏప్రిల్ 8న వచ్చింది.

అలాగని డబ్బు ఎప్పుడూ చేటు అనలేం. 2014 నుంచి పాత విడుదలలకు భద్రతా సవరణలు చేసే పనికి బయటి కంపెనీల చందాలతో డబ్బు చెల్లిస్తున్నారు, అది సాగుతోంది. అది విసుగు పుట్టించే పని, ఇష్టంతో చేసేవారు తక్కువ. పైగా చెల్లింపు ప్రాజెక్టు చేతుల మీదుగా జరగదు. కొత్తవారికి భృతి ఇచ్చే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, ఔట్‌రీచీ కార్యక్రమాల్లోనూ డెబియన్ పాల్గొంటోంది. ఏటా జరిగే డెబ్‌కాన్ఫ్ సమావేశానికి స్తోమత లేనివారికి ప్రయాణ ఖర్చులిస్తారు. 2023 సెప్టెంబరులో అది మన దేశంలోనే, కొచ్చిలో జరిగింది. ఏళ్లుగా తెర మీద అక్షరాలుగా మాత్రమే తెలిసినవారు ఒక బల్ల దగ్గర కూర్చుని అన్నం తినడం ఈ సమావేశాల్లో ముఖ్యమైన పని అని మేం అనుకుంటాం.

ఒక మంచి మాట విలువ

2012లో మైకేల్ రెస్టివో, ఆర్నౌట్ వాన్ డె రైట్ అనే పరిశోధకులు ఇంగ్లీషు వికీపీడియాలో బాగా పని చేసే కొందరికి బార్న్‌స్టార్ అనే మెచ్చుకోలు బొమ్మ ఇచ్చి, అలాంటివారే మరికొందరికి ఇవ్వకుండా 90 రోజులు గమనించారు. అందుకున్నవారి పని రెండో వర్గం కంటే 60 శాతం ఎక్కువగా ఉంది. బొమ్మకు అయ్యే ఖర్చు సున్నా. డెబియన్‌లో తప్పులు నివేదించే రిపోర్ట్‌బగ్ అనే పనిముట్టు ఉంది. ఫిర్యాదుకు బదులు మెయింటెయినర్‌కు ధన్యవాదాలు పంపే వీలు కూడా అందులో పెట్టారు. ఫిర్యాదుల పెట్టెలోనే కృతజ్ఞతకు ఒక అర ఉంచడం మాకు ముచ్చటగా అనిపించింది.

మెచ్చుకోలు, తోడు లేకపోతే ఏమవుతుందో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రాము, లెక్కలేనన్ని కంప్యూటర్లలో ఉంటుంది. దాన్ని ఏళ్లుగా ఒక్కరే, తీరిక వేళల్లో చూసుకుంటున్నారు. ఆయన అలసిపోయి ఉన్న సమయంలో, పని ఆలస్యమవుతోందని ముక్కూముఖం తెలియని పేర్లతో ఒత్తిడి వచ్చింది. అదే సమయంలో సాయపడతానంటూ దగ్గరైన మరో పేరు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, చివరికి అందులో దొంగదారి అమర్చింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు డెబియన్ పరీక్షా రూపం మీద పని చేస్తూ, లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని తవ్వి దాన్ని బయటపెట్టారు. డెబియన్ స్థిర విడుదలలోకి అది చేరకముందే పట్టుబడింది.

మన భాష సంగతి

డెబియన్‌ను కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో కన్నడం, తమిళం, మరాఠీలతో పాటు తెలుగునూ ఎంచుకోవచ్చు. ఆ వాక్యాలు ఎవరో వాలంటీర్లు కూర్చుని అనువదించినవే. కొత్త విడుదలలో కొత్త వాక్యాలు చేరతాయి. ఎవరూ అనువదించకపోతే అవి ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున మొదలుపెట్టిన తెలుగు వికీపీడియాదీ ఇదే పరిస్థితి. అక్కడి చర్చావేదిక పేరు రచ్చబండ. కొత్తవారు సందేహాలు తెలుగులోనే అడగవచ్చు. కోలారు జిల్లాలోని ఊరి గురించో, గంజాంలోని తెలుగు వీధి గురించో, యానాం గురించో రాయడానికి అక్కడ పుట్టిపెరిగినవారి కంటే తగినవారు ఉండరు. అచ్చయిన ఆధారం చూపించగలిగితే చాలు.

ఇంట్లో డెబియన్ గానీ ఉబుంటు గానీ వాడే పిల్లలుంటే ‘హౌ కెన్ ఐ హెల్ప్’ అనే చిన్న ప్రోగ్రామును వేసుకోమనండి. తమ కంప్యూటర్‌లో ఉన్నవాటిలో ఏది అనాథగా ఉందో, దేనికి తోడు కావాలో అది చూపిస్తుంది. అనువాదం చేయదలచినవారు తెలుగు అనువాద ఫైలు తెరిస్తే, పైనే చివరిసారి దిద్దిన మనిషి పేరు, తేదీ ఉంటాయి. ముందుగా ఆ మనిషికి రెండు వాక్యాల ఉత్తరం రాయాలి: మీరు కొనసాగిస్తున్నారా, లేకపోతే నేను అందుకోనా అని. కొన్నాళ్లు చూసినా జవాబు రాకపోతే డెబియన్ అనువాద సమన్వయకర్తలకు ఆ మాట చెప్పి పని మొదలుపెట్టవచ్చు.