పచ్చ మిల్క్‌షేక్ వెనక ఒక ఇల్లు

మెక్‌డొనాల్డ్స్ వాళ్ల ఊదారంగు బొమ్మ గ్రిమేస్‌ను చూసే ఉంటారు. 1971లో వచ్చినప్పుడు అతనికి నాలుగు చేతులు, మిల్క్‌షేకులు దొంగిలించడమే పని! పిల్లలు భయపడుతున్నారని తర్వాత రెండు చేతులు తీసేసి మంచివాణ్ణి చేశారు. 1975లో అతనికి ఐర్లండ్ నుంచి పచ్చరంగు అంకుల్ ఓగ్రిమేసీ వచ్చాడు. బాబాయో మావయ్యో మాత్రం చెప్పలేదు. మార్చిలో సెయింట్ పాట్రిక్ పండగకు అమ్మే పచ్చని షామ్‌రాక్ షేక్‌కు ప్రచారం చేయడం అతని పని.

ఆ షేక్ 1970 నుంచే ఉంది. అది చేసిన అసలు మంచిపని వేరే. ఫిలడెల్ఫియా ఈగల్స్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫ్రెడ్ హిల్ మూడేళ్ల కూతురికి లుకేమియా వచ్చింది. ఆసుపత్రిలో భార్యాభర్తలకు కుర్చీల్లోనే కునుకు, మెషీన్లలో దొరికిందే తిండి. చుట్టూ ఉన్న తల్లిదండ్రులందరిదీ అదే అవస్థ. అలాంటివాళ్లకు దగ్గర్లోనే ఒక ఇల్లుండాలన్నది పిల్లల క్యాన్సర్ డాక్టర్ ఆడ్రీ ఎవాన్స్ కోరిక. ఈగల్స్ వాళ్లు అడిగితే మెక్‌డొనాల్డ్స్ షామ్‌రాక్ షేక్ అమ్మకాల నుంచి డబ్బిచ్చింది. 1974లో మొదటి రొనాల్డ్ మెక్‌డొనాల్డ్ హౌస్ తెరిచారు.

కంపెనీ తన పేరు పెట్టుకుంది, ప్రచారమూ దక్కింది. దక్కనివ్వండి. ఆసుపత్రిలో బిడ్డను పెట్టుకున్న తల్లి గుమ్మం మీది పేరు చూడదు, నడుం వాల్చడానికి ఇంత చోటు చూస్తుంది.