మహారాజా కళాశాల కొలిమి

విజయనగరం పేరెత్తితే గురజాడ, ద్వారం వారి వయొలిన్, 1919లో పెట్టిన సంగీత కళాశాల. అదే కాలంలో ఆ ఊరి మహారాజా కళాశాలలో లోహాలను ఆవిరి చేసి వెలుగుని పరీక్షించినవాళ్ల సంగతి స్థానిక చరిత్రలకు పెద్దగా ఎక్కలేదు. కళలకు దక్కిన పేరు కొలిమికి దక్కకపోవడం మనకు కొత్తేం కాదు!

1920ల్లో అక్కడి పరిశోధనలకు పెద్ద దిక్కు అప్పడవేదుల లక్ష్మీనారాయణ. 1887లో కోనసీమలోని ముక్కామలలో పుట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన కె. రంగధామరావుది బరంపురం. పద్ధతి చెప్పడానికి తేలికే: లోహాన్ని కొలిమి గొట్టంలో ఆవిరయ్యేదాకా కాల్చాలి, ఆ ఆవిరిలోంచి తెల్లని వెలుగు పంపాలి, అవతల వర్ణపటంలో ఏ రంగులు లోపించాయో ఫొటో ప్లేటు మీద పట్టుకోవాలి. లోపించిన ఒక్కో సన్నని గీతా ఒక ఎలక్ట్రాన్ కింది మెట్టు నుంచి పైమెట్టుకు ఎగిరిందనడానికి సాక్ష్యం. బోర్ పరమాణు నమూనా వచ్చి అప్పటికి పదేళ్లే.

ఎక్కిన ఎలక్ట్రాన్ దిగాలి కదా. పలుచని ఆవిరిలోని పరమాణువులో అది సాధారణంగా సెకనులో పది కోట్లో వంతు కాలం ఆగి, శక్తిని వెలుగుగా వదిలేస్తుంది. ఘనపదార్థంలో అంత వెసులుబాటు లేదు. నీలికాంతి తగిలి అదనపు శక్తితో లేచిన ఎలక్ట్రాన్ దగ్గర ఆ అదనాన్ని స్ఫటికంలోని ప్రకంపనలు పికోసెకను, అంటే సెకనులో లక్ష కోట్లో వంతు, అటూఇటూ కాలంలోనే లాగేసుకుంటాయి. మామూలు సోలార్ సెల్ సామర్థ్యానికి 1961లో షాక్లీ, క్వైసర్ చూపిన హద్దుకు (నేటి లెక్కల్లో సుమారు 33 శాతం) ఈ నష్టం ఒక ముఖ్య కారణం. ఎలక్ట్రాన్ ఇలా చల్లారకముందే ఆ శక్తిని బయటికి తీయగలిగితే 66 శాతం దాకా వెళ్లొచ్చని 1982లో రాస్, నోజిక్ లెక్క తేల్చారు.

ఆ ప్రకంపనల లెక్కలు వాల్తేరులో సాగాయి. 1932లో అక్కడి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరిన సూరి భగవంతం, టి. వెంకటరాయుడితో కలిసి, స్ఫటికం ఎన్ని తీరుల్లో కంపిస్తుందో సౌష్ఠవాన్ని బట్టే రాబట్టే గణితాన్ని తీర్చిదిద్దారు. 1948లో విశ్వవిద్యాలయమే దాన్ని పుస్తకంగా వేసింది. ఈలోగా విజయనగరం జట్టు చెదిరింది. లక్ష్మీనారాయణ కొడైకెనాల్ సౌర వేధశాలకు వెళ్లి, 1937లో డైరెక్టరయ్యారు. రంగధామరావు లండన్‌లో వర్ణపట శాస్త్రవేత్త ఫౌలర్ దగ్గర పనిచేసి, వాల్తేరు భౌతికశాస్త్ర విభాగానికి పెద్దయ్యారు.

ఎలక్ట్రాన్ మెట్లు, స్ఫటిక ప్రకంపనలు: ఈ రెండూ కలిసే చోటు నేటి పెరోవ్‌స్కైట్ పలుచని పొరలు. 1839లో ఉరల్ పర్వతాల్లో దొరికిన ఖనిజం పేరే వీటికీ. 2009లో మియాసకా బృందం వీటితో చేసిన సోలార్ సెల్ 3.8 శాతం సామర్థ్యం ఇచ్చింది. ఇప్పుడు ప్రయోగశాలల్లో 26 దాటింది. వీటిలో ఎలక్ట్రాన్లు ఎంతసేపట్లో చల్లారతాయో కొలవడానికి, ఒక లేజర్ తళుకుతో వాటిని లేపి, క్షణంలో అత్యల్ప భాగం ఆగి మరో తళుకు పంపి, పొర ఏ రంగులు పీల్చుకుంటోందో చూస్తారు. మహారాజా కళాశాలలో అడిగిన ప్రశ్నే, గడియారం మారిందంతే.

సీసం ఉన్న ఈ పొరల్లో గట్టి వెలుగు పడితే చల్లారడం పదుల పికోసెకన్లకు సాగుతుంది. శక్తి పుచ్చుకున్న ప్రకంపనలు త్వరగా సద్దుమణగక, దాన్ని మళ్లీ ఎలక్ట్రాన్లకే తిరిగిస్తాయి. ఆ జాప్యం కనబడేది ఎలక్ట్రాన్లు కిక్కిరిసినప్పుడు. మామూలు ఎండకు అంత రద్దీ రాదు.