చావని కాగితం

అచ్చంపేట కోర్టులో బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. ఆ మనిషి మట్టిపనికి వలసపోయాడు. గైరుహాజరుకు వారంటు. ఆ భయంతో అతడు పండుగకైనా ఊరు చేరడు.

అమలయ్యేదాకా, లేదా ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకా వారంటు చెల్లుతుందని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 75వ సెక్షను శాసించింది. 1951లో ఆ కోడు హైదరాబాదు రాష్ట్రానికి వచ్చింది. 1973 కోడులో అది 70వ సెక్షను. 2024 జూలై 1న అమలైన నాగరిక సురక్షా సంహితలో 72వది. పాలకులు మారినా శాసనం మారలేదు.

అయితే విముక్తి మార్గమూ అందులోనే ఉంది. రద్దు చేయగలది ఆ కోర్టే. పోలీసూ కాదు, దళారీ కాదు. కేసు నెంబరు కనుక్కొని, వకీలుతో హాజరై, రాలేని కారణం చెప్పి దరఖాస్తు పెట్టాలి. చెంచుకు, దళితునికి, స్త్రీకి ఉచిత వకీలును 1987 చట్టం హక్కుగా ఇచ్చింది. ఈ సంగతి కూలీకి చేరవేయని మన చదువు దేనికని నేనడుగుతున్నాను.