బీపీ, షుగర్ గోలీలు తగ్గించుకోవచ్చా? షిఫ్ట్ డ్యూటీ చేసేవాళ్లు ఇవి తెలుసుకోండి

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్.. ఈ ఫ్యాక్టరీల బెల్టులో షిఫ్టులు మారుతూనే ఉంటాయి. నైట్ డ్యూటీలో టీ, బజ్జీలు.. పొద్దున ఇంటికొచ్చి కడుపునిండా అన్నం తిని నిద్ర. ఇలా కొన్నేళ్లు గడిస్తే బరువు పెరుగుతుంది, బీపీ, షుగర్ పలకరిస్తాయి. మరి బరువు తగ్గితే గోలీలు మానేయొచ్చా? చాలామందికి తగ్గించుకోవడం సాధ్యమే. కొందరికి పూర్తిగా ఆపేయడం కూడా కుదురుతుంది. కానీ ఆ నిర్ణయం డాక్టర్‌దే.

ఎంత బరువు తగ్గాలి?

బ్రిటన్‌లో జరిగిన 'డైరెక్ట్' అధ్యయనం ఫలితాలు 2017లో వచ్చాయి. షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని వాళ్లను ఇందులో తీసుకున్నారు. డాక్టర్ల పర్యవేక్షణలో బాగా తక్కువ క్యాలరీల ఆహారం ఇచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి గోలీలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్లలో అయితే 86 శాతం మందికి. లివర్, పాంక్రియాస్‌లో పేరుకున్న కొవ్వు కరగడమే దీనికి ప్రధాన కారణం. బీపీ విషయానికొస్తే, కిలో బరువు తగ్గితే సగటున ఒక పాయింట్ దిగుతుంది. మొదట మీ బరువులో 5 నుంచి 10 శాతం లక్ష్యంగా పెట్టుకోండి. 80 కిలోలు ఉంటే 4 నుంచి 8 కిలోలు.

సొంతంగా ఆపితే ఏమవుతుంది?

తిండి తగ్గించి గ్లిమెపిరైడ్ గోలీ, ఇన్సులిన్ పాత డోసులోనే వాడితే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం దీని లక్షణాలు. మెషిన్ దగ్గర, ఎత్తు మీద పనిచేసేవాళ్లకు ఇది ప్రాణాల మీదికొస్తుంది. రీడింగ్ 70 కంటే తగ్గితే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి, 15 నిమిషాలకు మళ్లీ చూసుకోవాలి. అందుకే డాక్టర్లు సాధారణంగా ఈ మందులనే ముందు తగ్గిస్తారు.

బీపీకి వాడే అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండెకు ముప్పు. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ గోలీలు వాడుతూ ఫర్నేస్, బాయిలర్ దగ్గర పనిచేసేవాళ్లకు చెమటతో బీపీ మరీ పడిపోవచ్చు. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే డోసు చూపించుకోవాల్సిందే.

ఏం చేయాలి?

* వారానికి 150 నిమిషాల వేగపు నడక. డ్యూటీలో నిలబడటం దీని కిందికి రాదు. ఏ షిఫ్ట్ అయినా డ్యూటీకి ముందు అరగంట నడవండి.
* ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చెంచా లోపే. పచ్చళ్లు, మిక్చర్ తగ్గించండి.
* అన్నం బదులు ఒక పూట జొన్నరొట్టె, ఆకుకూర పప్పు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో 2021లో వచ్చిన పరిశీలనలో, రోజూ చిరుధాన్యాలు తిన్న షుగర్ పేషెంట్లలో గ్లూకోజ్ 12 నుంచి 15 శాతం తగ్గినట్టు తేలింది. అలాగని రొట్టెలు లెక్క లేకుండా తింటే లాభం లేదు.
* బీపీ, షుగర్ రీడింగులు తేదీ, షిఫ్ట్‌తో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి. డోసు తగ్గించడానికి డాక్టర్‌కు అదే ఆధారం.

ఎక్కడ చూపించుకోవాలి?

ఈఎస్ఐ కార్డు ఉన్నవాళ్లు రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రికి, లేనివాళ్లు దగ్గరలోని పీహెచ్‌సీకి లేదా సంగారెడ్డి ప్రభుత్వాస్పత్రికి వెళ్లొచ్చు. మందులు ఆపిన మూడు నెలల తర్వాత కూడా హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లోపు ఉంటేనే షుగర్ వెనక్కి తగ్గినట్టు లెక్క. బరువు పెరిగితే మళ్లీ వస్తుంది, కాబట్టి పరీక్షలు మానొద్దు. టైప్-1 షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకూడదు. కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా డైట్ కూడా మొదలుపెట్టొద్దు.

గమనిక: ఇది అవగాహన కోసం మాత్రమే. మందుల్లో ఏ మార్పైనా మీ డాక్టర్ సలహాతోనే చేయాలి.