మిస్సింగ్ కొడుతున్న అంబాసిడర్

విజయవాడ ఆటోనగర్. మిట్టమధ్యాహ్నం. మీ ముందు అంబాసిడర్ మార్క్ 4, బానెట్ ఎత్తి ఉంది. కుర్రాడు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. 1489 సీసీ పెట్రోలు ఇంజను స్లో స్పీడులో నిలవడం లేదు. మిస్సింగ్ కొడుతోంది. ఫెండరు మీద చెయ్యి వేయండి, మోచేతి దాకా అదురుతుంది.

కార్బురేటర్ స్క్రూ ఎదురుగానే ఉంది, చేతిలో స్క్రూడ్రైవరూ ఉంది. ముట్టుకోకండి. జబ్బు ఒక సిలిండరుదో నాలుగింటిదో తేలకముందే దాన్ని తిప్పితే ఉన్న సెట్టింగు కూడా పోతుంది. ఈ తొందరవల్ల పాడయ్యే పాత బండ్లున్నాయి.

వెనక్కి వెళ్లి సైలెన్సరు చూడండి. పొగ నల్లగా ఉంది, కళ్లు మండుతున్నాయి. పెట్రోలు ఎక్కువై, సగం కాలి బయటికొస్తోంది. నీలంగా ఉంటే ఇంజనాయిలు అనుకోవాలి.

ఇక ప్లగ్గు వైర్లు. రబ్బరు పిడి ప్లయరుతోనే పట్టుకోండి, డెల్కో (డిస్ట్రిబ్యూటరు) నుంచి వచ్చేది వేల వోల్టుల కరెంటు. ఒకటో నంబరు పీకండి. ఇంజను కుంగింది. పెట్టేయండి, లేచింది. ఈ సిలిండరు పనిచేస్తోంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పీకినా తేడా రాకపోతే దొంగ అదే అనుకోవచ్చు, కానీ ఇంతవరకూ దొరకలేదు. ప్లయరు నాలుగో వైరు మీదికి వెళ్తోంది.

వాసన.

పచ్చి పెట్రోలు. తల తిప్పండి. ఇంజనుకు అవతలి పక్క కార్బురేటరు ఫ్లోట్ చాంబరు తడిసి మెరుస్తోంది. చుక్క జారింది. కిందే కాగిన సైలెన్సర్ మానిఫోల్డ్. మరో చుక్క. చుయ్యిమంది. వైరు పీకితే రవ్వ లేస్తుంది. పీకకండి. చెయ్యి తీయండి.

"ఆపెయ్! తాళం తిప్పెయ్!"

"ఏమైందన్నా?"

"దిగు ముందు!"

ఇంజను ఆగింది. వెనక్కి జరగండి. ఇసుక బకెట్టు దగ్గరికి లాక్కోండి. బ్యాటరీ వైరు ఇప్పుడే విప్పొద్దు. అక్కడా రవ్వ లేస్తుంది. ఆగండి.

ఇంజనుతో పాటే చుక్కలు కూడా ఆగాయి, చూశారా? ఏసీ పంపు ఇంజను తిరిగితేనే పెట్రోలు తోస్తుంది. చాంబరు నిండగానే ఫ్లోటు తేలి, నీడిల్‌ను పైకి నొక్కి దారి మూసేయాలి. ఇక్కడ ఆ దారి మూసుకోవడం లేదు. నల్లపొగ అందుకే. పీకి చూసిన మూడు సిలిండర్లలో దొంగ దొరకనిదీ అందుకే.

వాసన పోయింది, మానిఫోల్డ్ చల్లబడింది. చాంబరు మూత విప్పండి. ఫ్లోటును చెవి దగ్గర ఊపి వినండి. లోపల పెట్రోలు కదిలే చప్పుడు లేదు, అంటే చిల్లు పడలేదు. నీడిల్‌ను వెలుతురుకు పట్టండి. కొన అరగలేదు. దాని సీటు తుడిచిన గుడ్డ చూడండి. ఎర్రటి నలుసు. తుప్పు!

కడిగి బిగిస్తే బండి ఈ పూటకు నడుస్తుంది. కానీ తుప్పు కార్బురేటరులో పుట్టింది కాదు, పెట్రోలుతో కొట్టుకొచ్చింది. ట్యాంకులోని పెట్రోలు కొంచెం గాజుసీసాలోకి పట్టి, కదపకుండా ఉంచండి. అడుగున ఎర్రగా పేరుకుందంటే ఇవాళ ట్యాంకు దించాల్సిందే.